మీ యూనివర్సిటీ ఆశయం, అడ్మిషన్ రూల్స్ ఒకే దారిలో నడవాలంటే ఏం చేయాలి?

ఏ యూనివర్సిటీ మెయిన్ బిల్డింగ్‌లో అడుగు పెట్టినా విజన్, మిషన్ అని రెండు బోర్డులు కనిపిస్తాయి. గ్రామీణ విద్యార్థులకు నాణ్యమైన ఉన్నత విద్య, సామాజిక న్యాయం, సమగ్ర వికాసం అని అందంగా రాసి ఉంటుంది. లోపలికి ఎవరు రావాలో తేల్చేది మాత్రం ఏటా వేసవిలో వచ్చే అడ్మిషన్ నోటిఫికేషన్. అందులోని అర్హత నిబంధన, అప్లికేషన్ ఫీజు, పరీక్ష కేంద్రాల జాబితా, ఇద్దరికీ ఒకే మార్కులు వస్తే ఎవరిని ముందు పిలవాలనే రూలు, ఇవన్నీ కలిసి మీ క్లాసురూములో కూర్చునేవాళ్లను ఎంపిక చేస్తాయి. బోర్డు ఒక మాట, నోటిఫికేషన్ ఇంకో మాట చెబుతుంటే గెలిచేది నోటిఫికేషనే.

మీరు అడ్మిషన్ కమిటీలో ఉన్నా, అటానమస్ కాలేజీ ప్రిన్సిపాల్ అయినా, కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే జాతీయ సంస్థ నాక్ కోసం ఫైళ్లు తయారుచేసే ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్ అయినా, ఈ రెంటినీ ఒక దారికి తెచ్చే పనిలో ఇది మీకు అక్కరకొస్తుంది. ఉదాహరణకు ఎక్కువగా మన ట్రిపుల్ ఐటీలనే, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్నే తీసుకుంటాను. ఆశయాన్ని అడ్మిషన్ ఫార్ములాలోనే రాసుకున్న సంస్థ మన దగ్గర అంత స్పష్టంగా ఇంకోటి లేదు.

ముందు ఆశయాన్ని అసలు కాగితంలో వెతకండి

గోడ మీది బోర్డుతో మొదలుపెట్టకండి. అది చాలాచోట్ల నాక్ బృందం వచ్చే ముందు రాయించినది. ఆ వాక్యాన్ని పక్క జిల్లా యూనివర్సిటీ గోడ మీద పెట్టినా తేడా తెలియదు. అసలు ఆశయం మీ సంస్థ చట్టంలో, స్థాపించిన జీవోలో, ప్రైవేటు సంస్థ అయితే ట్రస్ట్ డీడ్‌లో ఉంటుంది. ఎవరి కోసం పెట్టారో అక్కడ దాచకుండా రాస్తారు.

హైదరాబాద్ గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 1998లో అది పుట్టిందే ఉర్దూలో ఉన్నత విద్య, సాంకేతిక విద్య ఇవ్వడానికి. అందుకే అక్కడ చేరాలంటే కింది చదువుల్లో ఉర్దూ మాధ్యమంగానో ఒక సబ్జెక్టుగానో చదివి ఉండాలని అడుగుతారు. ఆశయంలో ఉన్న మాటే అర్హతలోనూ ఉంది. ట్రిపుల్ ఐటీలను 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం పల్లెల్లో బాగా చదివే పిల్లలకు ఇంజనీరింగ్ విద్య అందించడం. అది ఫార్ములాలోకి ఎలా దిగిందో తర్వాత చూద్దాం.

మీ కాగితం చదివాక దాన్ని ఒక్క వాక్యానికి కుదించండి. ఆ వాక్యంలో "ఎవరిని" అన్నదానికి జవాబు ఉండాలి. "అత్యుత్తమ విద్యార్థులను" అని రాస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. "ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టెక్కే పిల్లలను", "వ్యవసాయాన్ని వదలకుండా చదువుకోవాలనుకునే రైతు కుటుంబాల పిల్లలను", "దేశంలో ఎక్కడివారైనా సరే, గణితంలో పరిశోధన చేయగలవాళ్లను" లాంటి వాక్యం అయితే దాంతో పని చేయొచ్చు. చివరి దానిలో సామాజిక లక్ష్యం లేదు కదా అని చిన్నచూపు వద్దు. పరిశోధనే మీ ఆశయం అయితే అదే నిజాయితీగా రాసుకోండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన సంస్థలే ఎక్కువ ఇబ్బంది పడతాయి.

ఇప్పుడు ఎవరు వస్తున్నారో లెక్క తీయండి

గత మూడేళ్ల అడ్మిషన్ రిజిస్టర్లు ముందు పెట్టుకోండి. ఒక ఎక్సెల్ షీట్ చాలు, పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక్కో విద్యార్థికి ఒక వరుస. పదో తరగతి ఏ బడిలో చదివారు, ఆ బడి ఏ మండలం, ప్రభుత్వ బడా, గురుకులమా, ప్రైవేటా, అమ్మానాన్నల చదువు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందా, కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా అన్న వివరాలు ఆ వరుసలో నింపండి.

మన రాష్ట్రాల్లో ఇక్కడ ఒక చిక్కుంది. ఇంటర్ కాలేజీ చిరునామా చూసి గ్రామీణమా పట్టణమా అని తేల్చకండి. మా వైపు ఏ ఊళ్లో చూసినా పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, ఇంటర్‌కి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరిన పిల్లలు ఉంటారు. కాగితం మీద వాళ్లు నగర విద్యార్థులు. ఇంటర్ ఊళ్లోనే చదివి, బడి మాత్రం పట్నంలోని ప్రైవేటు స్కూల్లో సాగినవాళ్లూ ఉంటారు. ఆరు నుంచి పది వరకు చదివిన బడి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంకో మూడు లెక్కలు కూడా తీయండి. చాలామంది చేరినవాళ్లనే చూసి ఆగిపోతారు. అప్లై చేసినవాళ్లెవరు, సీటు వచ్చినా చేరనివాళ్లెవరు, చేరి మొదటి ఏడాదిలోనే వెళ్లిపోయినవాళ్లెవరు? ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి అసలు అప్లికేషన్లే రాకపోతే సెలక్షన్ ఫార్ములాను ఎంత సవరించినా ఫలితం ఉండదు, అక్కడ కావాల్సింది ప్రచారం. అప్లికేషన్లు వచ్చి, సీట్లు కూడా వచ్చి, పిల్లలు చేరకపోతే సమస్య ఫీజులోనో హాస్టల్‌లోనో ఉంది. చేరాక వెళ్లిపోతుంటే మొదటి సెమిస్టర్‌లో ఉంది. ఏ మెట్టు దగ్గర జారుతున్నారో తెలియకుండా రూల్స్ మార్చకండి.

మీ చేతిలో ఏముంది, ఏం లేదు

ఉత్సాహంగా కొత్త కోటాలు రాసే ముందు చట్టం హద్దులు గీసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో రాజ్యాంగం 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు ఉంటాయి. రాష్ట్ర విభజన చట్టం పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది కాబట్టి స్థానికత విషయంలో పాత ప్రాస్పెక్టస్‌ను కాపీ చేయకుండా తాజా జీవో తెప్పించుకోండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్లు మీకు వర్తించే చట్టాన్నిబట్టి ఉంటాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలి. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ సంస్థ అయితే 2005 నాటి ఇనాందార్ కేసు తీర్పు ఉంది. అడ్మిషన్ పద్ధతి న్యాయంగా, పారదర్శకంగా, దోపిడీకి తావులేకుండా ఉండాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది.

తర్వాత కౌన్సెలింగ్. ఇంజనీరింగ్ కన్వీనర్ సీట్లు ఈఏపీసెట్ ద్వారా, తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారా, కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లు 2022 నుంచి సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ అవుతున్నాయి. "ఇంకేముంది సార్, మన చేతిలో ఏం లేదు" అని కమిటీల్లో తరచూ వినిపించే మాట ఇక్కడే పుడుతుంది. సగమే నిజం. ర్యాంకు మీ చేతిలో లేదు. కోర్సులు, వాటి వేళలు, ఏ గ్రూపు వాళ్లకు ఏ కోర్సులో అర్హత, హాస్టల్ సీట్ల కేటాయింపు, సొంత స్కాలర్‌షిప్పులు, ప్రచారం ఏ మండలాల్లో చేస్తారు, మొదటి సెమిస్టర్ ఎలా నడుపుతారు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు నేరుగా చేర్చుకునే స్పాట్ అడ్మిషన్ ఎలా చేస్తారు అన్న వాటిలో ఎక్కువ భాగం మీ పరిధిలోనివే. సంతకం ఎవరిది కావాలో ఒక్కో అంశం పక్కన రాసుకుంటే తర్వాత సమావేశాలు చాలా తగ్గుతాయి.

నోటిఫికేషన్‌ను వాక్యం వాక్యంగా పరీక్షించండి

అసలు పని ఇది. తీరిగ్గా చేయండి. మీ ఆశయంలో ఉన్న విద్యార్థిని ఒక మనిషిగా ఊహించుకోండి. ఉదాహరణకు, పాడేరు దగ్గర ఒక ఊళ్లో ఉండే అమ్మాయి, నాన్న కౌలు రైతు, ఇంట్లో ఒక్కటే స్మార్ట్ ఫోన్. ఇప్పుడు నోటిఫికేషన్ మొదటి లైను నుంచి చదువుతూ ఆ అమ్మాయి ఎక్కడ ఆగిపోతుందో గుర్తు పెట్టండి.

"మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులై ఉండాలి" అన్న వాక్యం ఉందా? ఇంటర్ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో పాసైనవాళ్లంతా అక్కడితో అవుట్. దాన్ని ఎందుకు పెట్టారని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు, ఎప్పటినుంచో ఉంది అంటారు. చివరి తేదీ సప్లిమెంటరీ ఫలితాల కన్నా ముందే ముగుస్తున్నా అదే నష్టం, పైగా అది ఎవరి కంటికీ కనిపించదు.

అప్లికేషన్ దగ్గర ఇంకో విషయం. పల్లెల్లో ఫారం నింపేది విద్యార్థి కాదు, నెట్ సెంటర్ కుర్రాడు. ఓటీపీ కోసం అతని నంబరే ఇస్తాడు, వెబ్ ఆప్షన్లు అతనే పెడతాడు. సీటు వచ్చిందన్న మెసేజ్ అతని ఫోనుకే వెళ్తుంది. వారం తర్వాత ఆ అమ్మాయి వెళ్లి అడిగేసరికి రిపోర్టింగ్ తేదీ దాటిపోయి ఉంటుంది. మీ లెక్కల్లో మాత్రం "సీటు వచ్చినా చేరలేదు, ఆసక్తి లేదు" అని పడుతుంది. ఫారంలో రెండో ఫోన్ నంబర్ తప్పనిసరి చేయండి. అమ్మదో నాన్నదో బడి హెడ్మాస్టర్‌దో ఏదైనా సరే. మెసేజ్ తెలుగులో పంపండి. రూపాయి ఖర్చు లేని ఈ మార్పు చాలా కోటాల కన్నా ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

పరీక్ష మీరే పెడుతుంటే కేంద్రాల జాబితా చూడండి. గిరిజన ప్రాంతాల కోసమని చెప్పుకునే కోర్సుకు విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌లలోనే కేంద్రాలుంటే, ముందురోజు రాత్రి బస్సెక్కి, లాడ్జిలో దిగి, తోడుగా ఒకరిని తీసుకెళ్లగలిగినవాళ్లే ఆ పరీక్ష రాస్తారు. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువ.

సర్టిఫికెట్లకు తగినంత గడువు ఇవ్వండి. ఆదాయం, కులం సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ, గ్రామ సచివాలయం చుట్టూ తిరిగే రోజులు, మీ చివరి తేదీ ఒకే వారంలో పడకూడదు. అప్లై చేసిన రశీదు చూపిస్తే తాత్కాలికంగా చేర్చుకుని, తర్వాత అసలు కాగితం తెమ్మనండి.

ఇంటర్వ్యూ ఉంటే ప్రశ్నలు ముందే రాసుకోవాలి. తెలుగులో జవాబు చెప్పే వీలు ఇవ్వాలి. ఇద్దరు సభ్యులు ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేయాలి. "కమ్యూనికేషన్ స్కిల్స్" అని ఒక గడి పెట్టి పది మార్కులు వేస్తే, ఆ పదీ ఇంగ్లీష్ మీడియం యాసకు వేసినట్టే.

ఇక స్పాట్ అడ్మిషన్. రేపు ఉదయం పది గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లు, పూర్తి ఫీజుతో రమ్మని ఈ రోజు సాయంత్రం వెబ్‌సైట్‌లో పెడతారు. అంత తొందరలో డబ్బు కట్టగలిగేదెవరో మీకు తెలుసు. కనీసం ఐదు రోజుల వ్యవధి, మొదట కొంత మొత్తం కట్టే వీలు ఉండేలా చూడండి.

మార్కులు సమానమైనప్పటి రూలును చాలా కమిటీలు చదవనే చదవవు. సీట్లు తక్కువగా ఉండి, పై మార్కులు చాలామందికి వచ్చే చోట ఆ రూలే నిజమైన సెలక్షన్. పదో తరగతిలో మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చిన ఏళ్లలో ట్రిపుల్ ఐటీలకు ఇది బాగా అనుభవమైంది. వేలమందికి పదికి పది వస్తుంటే జీపీఏ ఒక్కటే ఎవరినీ వేరు చేయలేదు. అప్పుడు ముందు గణితం గ్రేడు, తర్వాత సైన్స్, అలా కిందికి వెళ్లి చివరికి పుట్టిన తేదీ దాకా చూడాల్సి వచ్చేది. టెక్నాలజీ యూనివర్సిటీ కాబట్టి గణితం ముందు ఉండటం సబబే. మీ దగ్గర ఆ వరుస ఎలా ఉంది? సాహిత్యం కోర్సుకు కూడా గణితం మార్కులే ముందు చూస్తున్నారా? పాత సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టింది అలాగే ఉండిపోయి ఉండొచ్చు.

సాధనం ఎంచుకోండి: ట్రిపుల్ ఐటీ ఫార్ములా ఏం నేర్పుతుంది

అడ్డంకులు తీసేశాక కూడా మీరు కోరుకున్న విద్యార్థులు తగినంతమంది రాకపోతే అప్పుడు సెలక్షన్ పద్ధతినే సవరించాలి. ట్రిపుల్ ఐటీ ఎలా చేసిందో చూడండి. అందులో రెండు నిర్ణయాలున్నాయి, జనం ఒకదాని గురించే మాట్లాడతారు.

అందరికీ తెలిసింది అదనపు స్కోరు. జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లాంటి ప్రభుత్వ నాన్‌రెసిడెన్షియల్ (హాస్టల్ లేని) స్కూళ్లలో చదివినవాళ్లకు, గ్రేడ్లు ఉన్న ఏళ్లలో పది పాయింట్ల జీపీఏకు 0.4 కలిపేవారు. దీన్ని డిప్రివేషన్ స్కోరు, అంటే వెనకబాటుకు ఇచ్చే స్కోరు అంటారు. 9.6 వచ్చిన జడ్పీ హైస్కూల్ విద్యార్థి, 10 వచ్చిన ప్రైవేటు స్కూలు విద్యార్థితో సమానం అయ్యేవాడు. 600 మార్కుల లెక్కలో చూస్తే ఆ 4 శాతం 24 మార్కులు. నాన్‌రెసిడెన్షియల్ అన్న మాట గమనించండి. గురుకులాల్లో చదివిన పిల్లలు కూడా పేద ఇళ్లవాళ్లే. అయినా అక్కడ రాత్రి స్టడీ అవర్ ఉంటుంది, అడిగితే చెప్పే టీచర్ అందుబాటులో ఉంటారు. ఇంటికెళ్లి పొలం పనో పశువుల పనో చేసి వచ్చి చదివే డే స్కాలర్‌కు అది లేదు. ఈ వాదనతో మీరు ఏకీభవించకపోవచ్చు. కానీ ఎవరికి ఎందుకు కలుపుతున్నామో ఆలోచించి గీసిన గీత అది.

రెండో నిర్ణయం నా దృష్టిలో ఇంకా పెద్దది. ఇంటర్ తర్వాత కాకుండా పదో తరగతి అయిపోగానే ఆరేళ్ల కోర్సులో చేర్చుకోవడం. మన దగ్గర ప్రభుత్వ బడి పిల్లలకు, ప్రైవేటు బడి పిల్లలకు మధ్య దూరం బాగా పెరిగేది ఇంటర్ రెండేళ్లలో, కోచింగ్ దగ్గర. లక్షలు పెట్టగలిగినవాళ్లు ఆ రెండేళ్లలో దూసుకుపోతారు. ఆ రెండేళ్లకు ముందే ఎంపిక ముగిస్తే పరుగు పందెం మొదలయ్యే చోటే మారిపోతుంది. 0.4 కలపడం కన్నా ఎంపికను ముందుకు జరపడమే ఆ సంస్థ రూపాన్ని ఎక్కువగా నిర్ణయించిందని నేను అనుకుంటాను. కాబట్టి మీరు సాధనం వెతికేటప్పుడు "ఎన్ని పాయింట్లు కలపాలి" అని మాత్రమే అడగకండి. "ఏ వయసులో, ఏ పరీక్ష మీద ఎంపిక చేస్తున్నాం" అని కూడా అడగండి.

వేరే సాధనాలూ ఉన్నాయి. ఢిల్లీలోని జేఎన్‌యూ వెనుకబడిన జిల్లాలవారికి, మహిళలకు అదనపు పాయింట్లు ఇచ్చే పద్ధతిని ఏళ్ల తరబడి నడిపింది. ఐఐటీలు 2018లో అమ్మాయిల కోసం సూపర్‌న్యూమరరీ సీట్లు తెచ్చి, వాళ్ల వాటాను 20 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఉన్న సీట్లు తగ్గించకుండా పైన కలిపేవి కాబట్టి వ్యతిరేకత తక్కువ, కానీ హాస్టల్ గదులు, ల్యాబ్‌లు కూడా ఆ మేరకు పెరగాలి. తమిళనాడు 2020లో మెడికల్ సీట్లలో ప్రభుత్వ బడి విద్యార్థులకు 7.5 శాతం కేటాయించింది. మన వ్యవసాయ యూనివర్సిటీల్లో రైతు కోటా పాతదే.

ఏ సాధనమైనా నిలబడేది, పడిపోయేది నిర్వచనం దగ్గర. తమిళనాడు చట్టం ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ప్రభుత్వ బడిలోనే చదివి ఉండాలంటుంది. అలా అనకపోతే చివరి ఏడాది ప్రభుత్వ బడిలో పేరు రాయించుకుని, బయట కోచింగ్ తీసుకునే దారి తెరుచుకుంటుంది. రైతు కోటాలో గ్రామీణ ప్రాంతంలో కనీసం నాలుగేళ్ల చదువుతో పాటు భూమి కాగితం అడుగుతారు. భూమి ఉండి పట్నంలో వ్యాపారం చేసుకునే కుటుంబానికి పట్టాదారు పాస్‌బుక్ ఉంటుంది, అదే భూమిని దున్నే కౌలు రైతు దగ్గర ఉండదు. పాడేరు అమ్మాయి నాన్న కౌలు రైతని అనుకున్నాం కదా, ఆ అమ్మాయి ఇక్కడ మళ్లీ ఆగిపోతుంది. నిర్వచనం రాసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: అర్హత లేనివాళ్లు దీన్ని ఎలా సంపాదిస్తారు? అర్హత ఉన్నవాళ్లు దీన్ని ఎందుకు చూపించలేరు?

నిర్వచనాలకు వయసు కూడా అవుతుంది. ఒకప్పుడు "తెలుగు మీడియం" అంటే పేదరికానికి గుర్తుగా సరిపోయేది. ప్రభుత్వ బడుల్లో కూడా ఇంగ్లీష్ మీడియం వచ్చేసింది కాబట్టి ఇప్పుడు దాన్ని పెట్టుకుంటే మీరు అనుకున్నవాళ్లే జారిపోతారు.

నోటిఫికేషన్‌కు ముందే పాత డేటా మీద నడిపి చూడండి

గతేడాది అప్లికేషన్ల జాబితా తీసుకుని, కొత్త రూలు ప్రకారం మళ్లీ ర్యాంకులు వేయండి. ఎంతమంది మారారు? ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయటికి వెళ్లారు? మార్పంతా కటాఫ్ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లలోనే జరుగుతుంది. అక్కడ జనం కిక్కిరిసి ఉంటే చిన్న పాయింట్లు కూడా వందల మందిని కదిలిస్తాయి. పలచగా ఉంటే పది పాయింట్లు కలిపినా పేర్లు మారవు, మీకు మాత్రం ఏదో చేశామన్న తృప్తి మిగులుతుంది.

లోపలికి వచ్చినవాళ్లలో మీ వాక్యంలోని విద్యార్థులు ఎందరో చూడండి. బయటికి వెళ్లినవాళ్లలో కూడా అలాంటివాళ్లు ఉంటే రూలు తప్పు. ప్రైవేటు బడిలో ఉచిత సీటు మీద చదివిన కూలీ కొడుకు అలా బయటికి వెళ్లే అవకాశం ఉంది. అలాంటి కేసులు కొన్నే ఉంటే కాగితాలు చూసి విడిగా తేల్చే ఒక చిన్న కమిటీకి వదలండి. ఎక్కువ ఉంటే రూలు మళ్లీ రాయండి.

మీరు ఆధారపడిన పరీక్షే ఒక ఏడాది జరగకపోతే ఏంటన్నది కూడా ఇప్పుడే రాయండి. కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయి, 2020లో ఆంధ్రప్రదేశ్ ట్రిపుల్ ఐటీలకు విడిగా ప్రవేశ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. తెలంగాణలో ఇప్పుడు పదో తరగతికి గ్రేడ్ల నుంచి మళ్లీ మార్కులకు మారారు. బోర్డు పద్ధతి మారిన రోజు మీ ఫార్ములా కూడా కొత్త అర్థం తెచ్చుకుంటుంది.

డబ్బు మాట దాచకండి

మేనేజ్‌మెంట్ కోటా గురించి మాట్లాడకుండా ఆశయం గురించి మాట్లాడే సమావేశాలు మన దగ్గర చాలా జరుగుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు నెలల తరబడి రాకపోతే జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారన్న ప్రశ్న నిజమైనదే. కాలేజీ యాజమాన్యం తరఫున ఉండే కరస్పాండెంట్‌ను విలన్‌ను చేసి లాభం లేదు. ఎన్ని సీట్ల ఆదాయం మీద సంస్థ నడుస్తోందో కమిటీ ముందు అంకెలతో పెట్టమనండి. ఆ అంకె తేలాక మిగతా సీట్లలో ఆశయాన్ని రాజీ లేకుండా అమలు చేయొచ్చు. అంకె లేకపోతే ప్రతి సీటు మీదా ఏటా గొడవే.

స్కాలర్‌షిప్ డబ్బు ఉంటే దాన్ని ర్యాంకుకు ఇస్తున్నారా, అవసరానికి ఇస్తున్నారా అన్నది చూడండి. ప్రకటనల్లో పెట్టుకోవడానికి మంచి ర్యాంకర్లకు ఫీజు మాఫీ చేసే సంస్థలు, అదే డబ్బుతో హాస్టల్ ఫీజు కట్టలేక వెనక్కి వెళ్లే పిల్లలను ఎందరిని నిలుపుకోవచ్చో లెక్క వేయవు.

చేరాక ఏం జరుగుతుందో కూడా ఈ పాలసీలో భాగమే

ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్లలో మొదటి రెండేళ్లు పీయూసీ, అంటే ఇంటర్ లాంటి చదువు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీష్ పాఠాలకు, గణితం వేగానికి అలవాటు పడే సమయం కోర్సులోనే ఉంది. మీ మూడేళ్ల, నాలుగేళ్ల కోర్సులో అంత జాగా లేదు. కాబట్టి విద్యార్థులు మారితే మొదటి సెమిస్టర్ కూడా మారాలి. మూడు వారాల బ్రిడ్జ్ కోర్సు పెట్టి చేతులు దులుపుకోవద్దు. మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టులు తగ్గించి రెండో ఏడాదికి జరపడం, సాయంత్రం ట్యుటోరియల్స్‌కు సీనియర్లకు గౌరవ వేతనం ఇవ్వడం, మొదటి ఇంటర్నల్ అయిన వారంలోనే వెనకబడినవాళ్లను పిలిచి మాట్లాడటం లాంటివి చేయాలి. ఇవేవీ బడ్జెట్‌లో లేకుండా అడ్మిషన్ రూల్స్ మాత్రమే మార్చితే ఆ పిల్లల చేతిలో బ్యాక్‌లాగ్‌లు పెట్టి పంపిస్తారు. అప్పుడు "ఆ కోటా వాళ్లు చదవలేరు" అన్న మాట స్టాఫ్‌రూములో మొదలవుతుంది.

ఆమోదం, తేదీలు

అడ్మిషన్ కమిటీ నుంచి అకడమిక్ కౌన్సిల్‌కు, అక్కడి నుంచి పాలక మండలికి. ప్రతి రూలు పక్కన అది ఆశయంలోని ఏ భాగానికి ఉపయోగపడుతుందో ఒక వాక్యం, పాత డేటా మీద నడిపిన ఫలితం ఒక పట్టికగా పెట్టండి. రేపు ఎవరైనా హైకోర్టుకు వెళ్తే మీ సంస్థ తరఫు లాయరు (స్టాండింగ్ కౌన్సెల్) మొదట అడిగేది ఆ కాగితమే.

నోటిఫికేషన్ బయటికి వచ్చాక ఒక్క అక్షరం మార్చొద్దు. ఆట మధ్యలో రూల్స్ మార్చకూడదన్న సూత్రం ఉద్యోగ నియామకాల కేసుల్లో గట్టిపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జీల ఎంపికకు సంబంధించిన మంజుశ్రీ కేసులో, ముందు చెప్పకుండా ఇంటర్వ్యూకు కనీస మార్కులు పెట్టడాన్ని 2008లో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ తీర్పును సమర్థించింది. అడ్మిషన్లకూ ఇదే జాగ్రత్త పాటించండి. పెద్ద మార్పు అయితే ఏడాది ముందే ప్రకటించండి. పదో తరగతిలో ఉన్న పిల్లలకు, వాళ్ల టీచర్లకు ముందుగా తెలిస్తేనే కదా దానికి తగ్గట్టు అప్లై చేస్తారు.

మామూలు మార్పులకు క్యాలెండర్ ఇలా ఉండాలి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో డేటా, అక్టోబర్‌లో నోటిఫికేషన్ పరిశీలన, నవంబర్‌లో పాత డేటా మీద కొత్త రూలును నడిపి చూడటం, డిసెంబర్‌లో అకడమిక్ కౌన్సిల్, జనవరిలో పాలక మండలి, ఫిబ్రవరిలో హైస్కూళ్లకు, జూనియర్ కాలేజీలకు తెలుగులో కరపత్రం. అడ్మిషన్లు ముగిసిన నెలలోపు అప్లై చేసినవాళ్లు, సీటు వచ్చినవాళ్లు, చేరినవాళ్లు అని మూడు అంకెలను మండలాల వారీగా వెబ్‌సైట్‌లో పెట్టండి. కొత్తగా పెట్టిన ప్రతి రూలుకూ మూడేళ్ల గడువు రాయండి. మూడో ఏడాది అకడమిక్ కౌన్సిల్ మళ్లీ ఓటు వేసి కొనసాగించకపోతే ఆ రూలు దానంతట అదే రద్దవ్వాలి.